ఇల్లు అమ్మకం కార్తీకంలోనా, సంక్రాంతికా, మాఘం దాకా ఆగాలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల లెక్క

చలికాలంలో ఇల్లు అమ్మకానికి పెట్టకూడదన్న సలహా మంచు కురిసే దేశాల్లో పుట్టింది. మన తీరంలో నవంబరు, డిసెంబరు నెలల్లో అమ్మకానికి అడ్డొచ్చేవి వాన, పంచాంగం. నెల్లూరుకి ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. వాయుగుండాలూ అప్పుడే. ముసురు తగ్గేసరికి డిసెంబరు 16 నాటికి ధనుర్మాసం పట్టేస్తుంది, దానికి పుష్యం తోడవుతుంది. అవి దాటితే గానీ బేరాలు కదలవని బ్రోకర్లు అంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది.

కార్తీక మార్గశిరాల్లో వానల మధ్యే అమ్మేయొచ్చు. సంక్రాంతికి ఊరొచ్చేవాళ్ల కోసం చూడొచ్చు. మాఘ ఫాల్గుణాల దాకా ఆగొచ్చు. లేదంటే మార్చి దాటించి ఎండాకాలంలోకి పోవచ్చు. ఏది మేలన్నది తేల్చేవి మూడు: ఇల్లు వానకు తట్టుకుంటుందా, దాన్ని కొనేవాడికి డబ్బు ఏ నెలలో ఆడుతుంది, మీ డబ్బు అవసరం ఎప్పటిది. పంచాంగం వీటి తర్వాత.

వానకు నిలిచే ఇల్లు, నిలవని ఇల్లు

ఇల్లు మెరక మీద ఉండి, స్లాబు కారకుండా ఉంటే నవంబరును మించిన నెల లేదు. మేలో ఏ ఇల్లయినా పొడిగానే కనిపిస్తుంది. మీ ఇంటికీ పల్లంలోని ఇంటికీ తేడా చూపడానికి అప్పుడు మీ నోటిమాట తప్ప ఏమీ ఉండదు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరులో వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇవన్నీ చూసిన కొనుగోలుదారు ఇంటాయన్ని అడిగేకంటే ముందు పక్కింటామెను అడుగుతాడు: "ఏమ్మా, పోయిన తుఫానుకి ఈ వీధిలో నీళ్లెంత దాకా వచ్చినయ్?" ఒంగోలులో పోతురాజు కాలువ దగ్గర ఇళ్లకైతే మొదటి ప్రశ్నే ఇది. ఆమె "మా వీధికి రాలేదు" అంటే మీ బేరం సగం కుదిరినట్టే.

పెద్ద వాన పడిన రోజు గేటు దగ్గర, వీధి మలుపులో, డాబా మీద తేదీ పడేలా వీడియో తీసి ఉంచుకోండి. రోడ్డు నుంచి ఇంటి గచ్చు ఎన్ని అడుగుల ఎత్తుందో టేపు పెట్టి కొలిచి చెప్పండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయిన పాత వీధుల్లో ఒకప్పుడు మూడడుగుల ఎత్తున్న గచ్చు ఇప్పుడు అడుగున్నర కూడా ఉండదు. కొనేవాడు ముందు చూసేది ఆ మెట్లనే.

నీళ్లొచ్చే ఇల్లయితే దాచడం దండగ, పక్కింటివాళ్లు చెప్పేస్తారు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 కూడా మామూలుగా చూస్తే తెలియని లోపం అమ్మేవాడికి తెలిసుంటే చెప్పి తీరాలంటుంది. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చెప్పి, దానికి తగ్గ ధర అడగడమే దారి. అలాంటి ఇంటిని ముసురులో చూపక్కర్లేదు, జనవరిలో బాగుచేయించి మాఘంలో పెట్టండి.

అసలు చిక్కు మధ్యరకం ఇళ్లది. వీధిలో నీళ్లు నిలవవు, గోడల్లో మాత్రం చెమ్మ. ఈ గోడకు నవంబరులో రంగు వేయించి అమ్మకానికి పెట్టేవాళ్లే ఎక్కువ. లోపలి తడి బయటికి పోయే దారి లేక రెండు మూడు వారాల్లో రంగు బుడగలు కట్టి, పుట్టీ పెచ్చులుగా లేస్తుంది. సరిగ్గా బ్యాంకు వాల్యుయేటర్ వచ్చే రోజుకి.

రంగుకు ముందు చిన్న పరీక్ష చేయండి. అడుగు చదరం పాలిథిన్ కవరు ముక్కను నాలుగు అంచులా టేపు వేసి, గాలి చొరకుండా గోడకు అంటించి ఒక రోజు ఉంచాలి. లోపలి వైపు నీటి బొట్లు పడితే తడి గోడలో ఉంది. బయటి వైపు మాత్రమే చెమరిస్తే అది గాలిలో తేమ. తర్వాత చెమ్మ ఎక్కడుందో చూస్తే కారణం తెలుస్తుంది. స్లాబు, గోడ కలిసే చోట మరక ఉంటే పైన పిట్టగోడ మొదట్లో పగులు. నేల నుంచి రెండు మూడడుగుల దాకా పాకి తెల్లటి ఉప్పు పొంగితే పునాది నుంచి ఎక్కే చెమ్మ. బాత్రూము గోడకు వెనక గదిలో ఉంటే పైపు గానీ, టైల్స్ సందులు గానీ కారుతున్నట్టు.

స్లాబుకైతే తూములు గుడ్డ కుక్కి మూసి, రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెడితే ఎక్కడ కారుతుందో కింద కనిపిస్తుంది. పగుళ్లను వి ఆకారంలో తెరిచి పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చాలి. పిట్టగోడ మూలల్లో నీళ్లు ఆగకుండా సిమెంటును గుండ్రంగా వంచి వేయించాలి. ఆ పైన వాటర్‌ప్రూఫ్ పూత రెండు కోట్లు, ఒకటి అడ్డంగా, ఇంకొకటి నిలువుగా. పొడి స్లాబు, వాన పడని రెండు మూడు రోజులు దొరక్కపోతే ఆ పూత పట్టదు, పొరలా ఊడొస్తుంది. డిసెంబరు మొదటి వారంలో "ఇవాళ ఎండ కాసింది కదా" అని మొదలుపెట్టే పని మళ్లీ చేయాల్సొస్తుంది.

నేల చెమ్మకు, మరక ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచి ఇంకో అడుగు పైదాకా పాత ప్లాస్టరింగ్ ఇటుక కనిపించేలా చెక్కేయాలి. ఒకటికి నాలుగు పాళ్లలో సిమెంటు, ఇసుక కలిపి, 50 కిలోల బస్తాకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫింగ్ ద్రవం పోసి కొత్తగా వేయించాలి. ఏడు రోజులు నీళ్లు కొట్టాలి. పుట్టీకి ముందు మూడు నాలుగు వారాలు ఆరనివ్వాలి. సంక్రాంతి తర్వాత పని మొదలైతే రంగు పడేది ఫిబ్రవరి ఆఖరుకి. చెమ్మ ఉన్న ఇంటికి సంక్రాంతి బేరం కుదరదని ఈ లెక్కే చెబుతుంది. పునాది మీద చెమ్మ నిరోధక పొర లేని పాత ఇంట్లో ఈ పని జబ్బును పూర్తిగా నయం చేయదు, కొన్నేళ్లు వాయిదా వేస్తుంది. కొనేవాడికి ఆ మాట కూడా చెప్పండి. అంత ఓపిక లేకపోతే మేస్త్రీ చేత ఖర్చు కాగితం మీద రాయించి, ఉన్నది ఉన్నట్టు చూపించి ధరలో తగ్గించండి. కొనేవాడు ఊహించుకునే మరమ్మతు ఖర్చు ఎప్పుడూ అసలు ఖర్చుకంటే ఎక్కువే ఉంటుంది.

దక్షిణం వాకిలి ఇళ్లకు వాస్తు పేరుతో ధర తగ్గించి అడగడం తెలిసిందే. ఆ ఇళ్లు చూపడానికి మంచి కాలం చలికాలమే. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, నెల్లూరులో నేల నుంచి దాదాపు 52 డిగ్రీల ఎత్తులో. వరండా దాటి హాల్లోకి ఎండ పడుతుంది. మేలో సూర్యుడు నడినెత్తికి వచ్చాక అదే హాలు మసకగా ఉంటుంది. కాబట్టి పదింటికీ మూడింటికీ మధ్య రమ్మనండి. ఆఫీసయ్యాక వస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ నెలల్లో ఆరయ్యేసరికే చీకటి పడుతుంది, ట్యూబ్‌లైటు వెలుతురులో చిన్న మరక కూడా పెద్దగా కనిపిస్తుంది.

కొనేవాడికి డబ్బు ఎప్పుడు ఆడుతుంది

జీతగాళ్లకు కాలంతో పనిలేదు. బ్యాంకు లోను మీద కొంటారు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ కలిపి నెల రోజులు పట్టొచ్చు. నెల్లూరు వేదాయపాలెం, ఒంగోలు భాగ్యనగర్ లాంటి చోట్ల మీ కొనుగోలుదారు ఎక్కువగా ఇతడే. ఇతని కోసం మాఘం దాకా ఆగక్కర్లేదు.

రైతుల సంగతి వేరు. ప్రకాశం వైపు పొగాకు వేలం మామూలుగా ఫిబ్రవరి, మార్చిల్లో మొదలై నెలల తరబడి నడుస్తుంది. నెల్లూరు మాగాణిలో కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. నవంబరులో వాళ్ల డబ్బు పొలంలో ఉంటుంది. పొదిలి, టంగుటూరు, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల ఇల్లయితే, పిల్లల చదువుల కోసం జూన్‌లోపు టౌన్లో ఇల్లు చూసుకునే ఈ రైతులే మీ గిరాకీ. వాళ్ల కోసం ఫాల్గుణం దాకా ఆగితే ఫలితం ఉంటుంది. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు మరో సంగతి కూడా చూసుకోవాలి. కనిగిరి, మార్కాపురం వైపు బోర్లలో నీళ్లు వానల తర్వాతే బాగుంటాయి. బోరు ఆన్ చేసి చూపడానికి డిసెంబరు, జనవరి మంచివి. తెలిసినవాడు "మేలో ఎంత వస్తుంది?" అని ఎలాగూ అడుగుతాడు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నుంచి వచ్చేవాళ్లకు పండగ వారమే సమయం. భోగికి ప్రకటన ఇస్తే ఆలస్యమైపోయినట్టే. డిసెంబరు మధ్యకల్లా ఫోటోలు, వీడియో, కాగితాల కాపీలు వాళ్ల ఫోన్లకు చేరాలి. ముక్కనుమ నాటికి వాళ్లు కళ్లతో చూసి ఖాయం చేసుకోవడం మాత్రమే మిగలాలి. ప్రకటనలో అంకణాలతో పాటు గజాలు కూడా రాయండి. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. 20 అంకణాల స్థలం 160 గజాలు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే కాబట్టి, అటు నుంచి చూసేవాళ్లు మీ స్థలాన్ని సగానికి లెక్కేస్తారు.

విదేశాల నుంచి కొనేవాళ్లు ఇక్కడ తమవాళ్లకు జీపీఏ (తమ తరఫున సంతకం చేసే అధికార పత్రం) ఇస్తే, అది అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ అయి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించుకోవాలి. పండగకు ఖాయం చేసి రిజిస్ట్రేషన్ మార్చిలో అంటే వెనక ఇదే కారణం కావచ్చు.

ధనుర్మాసం కాగితాల నెల

పుష్యంలో, ధనుర్మాసంలో అడ్వాన్సు ఇచ్చేవాళ్లు తక్కువ, గృహప్రవేశం చేసేవాళ్లు లేరు. ఇల్లు చూసేవాళ్లకు, లోనుకు దరఖాస్తు చేసేవాళ్లకు మాత్రం ఏ అడ్డూ లేదు. బ్యాంకుకు పుష్యం తెలియదు. ఆ నెలలో బేరం మాట్లాడుకుని, కాగితాలు లాయరుకిచ్చి, లోను మంజూరు చేయించుకుంటే మంచిరోజు రాగానే రిజిస్ట్రేషనే మిగులుతుంది. ధనుర్మాసంలో వచ్చి చూసేవాళ్లలో రెండు రకాలు: నిజంగా అవసరమున్నవాళ్లు, "ఈ నెలలో ఎవరూ కొనరు" అని తగ్గించి అడిగేవాళ్లు. రెండో రకానికి తొందరపడి జవాబివ్వకండి.

మాఘం దాకా ఆగుదామనుకునేవాళ్లు పంచాంగం ముందే చూడాలి. 2025 నవంబరు చివర్లో మొదలైన శుక్రమౌఢ్యం 2026 ఫిబ్రవరి మధ్యదాకా సాగింది, మాఘం కూడా మూఢంలోనే పోయింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఆ ఏడాది కార్తీకం నవంబరు 10కి గానీ రాదు, మాఘం 2027 ఫిబ్రవరి 7 ప్రాంతంలో మొదలవుతుంది. అలాంటి ఏడాది మాఘం దాకా ఆగడమంటే మార్చి 31కి దగ్గరపడడమే. దాని సంగతి కింద ఉంది.

ఈ నెలలో తేల్చాల్సిన కాగితాలు: లింకు దస్తావేజులు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం), ఇంటిపన్ను రశీదు (మునిసిపాలిటీలో అక్టోబరు నుంచి మార్చి దాకా ఉండే అర్ధ సంవత్సరానిది కూడా), మంజూరైన ప్లాను. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) లేదని కూడా చూసుకోండి. చుక్కల భూముల (రికార్డుల్లో యజమాని పేరు చోట చుక్కలున్నవి) చిక్కు ఉన్న ఊళ్లలో ఇదే బేరాన్ని ఆఖరి రోజున ఆపేస్తుంది. ఇంటి మీద మీ లోను ఉంటే ఇంకా ముందే మొదలెట్టాలి. లోను మొత్తం కట్టేశాక ఒరిజినల్స్ ఇవ్వడానికి బ్యాంకుకు 30 రోజుల గడువుంది. దాటితే రోజుకు 5,000 రూపాయలు మీకు చెల్లించాలన్నది 2023 డిసెంబరు 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన. తనఖా పత్రం రిజిస్టరై ఉంటే విడుదల పత్రం కూడా రిజిస్టరవ్వాలి, లేకపోతే ఈసీలో తనఖా అలాగే కనిపిస్తుంది.

ఆగితే అయ్యే ఖర్చు

మాఘంలో ఎక్కువ ధర వస్తుందనుకుంటే, ఎంత ఎక్కువ రావాలో ముందు లెక్కేసుకోండి. ఉదాహరణకు ఖాళీ ఇల్లు, ధర 60 లక్షలు, మీ లోను బాకీ 20 లక్షలు, వడ్డీ 8.5 శాతం. నెలకు వడ్డీ 14,000 పైచిలుకు. అమ్మేస్తే మిగిలే 40 లక్షలు 6.5 శాతానికి డిపాజిట్ చేస్తే నెలకు 21,600 వచ్చేవి. ఇంటిపన్ను, కరెంటు కనీస బిల్లు, ఊడ్చేవాళ్ల ఖర్చు ఒక 2,000 వేసుకోండి. మొత్తం నెలకు 37,000 దాటింది, మూడు నెలలకు లక్షా పదివేలకు పైనే. డిసెంబరు గిరాకీ మీ మాఘం ధరకంటే లక్ష తగ్గించి అడిగినా నష్టం లేదన్నమాట. చాలామంది ఖాళీగా ఉంచినందుకు పోయిన అద్దెను కూడా ఇందులో కలుపుతారు. అది తప్పు, అమ్మేస్తే అద్దె ఎలాగూ రాదు. ఇల్లు అద్దెకిచ్చి ఉంచితే మాత్రం ఆ అద్దెను ఈ ఖర్చులోంచి తీసేయాలి. అలాగని అమ్మబోయే ఇంట్లోకి కొత్తగా అద్దెకు దించడం మంచిది కాదు, తామే ఉండడానికి కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు.

ఈ లెక్క మీద మా తీర్పు ఇది. చెమ్మలేని, మెరక మీది, జీతగాళ్లు కొనే ఇల్లయితే కార్తీకంలోనే పెట్టండి. ఖరీదైన, పెద్ద ఇల్లయి బయటి ఊళ్లవాళ్లు కొనేదైతే సంక్రాంతిని గురిపెట్టండి. బాగుచేయాల్సిన ఇల్లు, రైతులు కొనే ఇల్లు మాఘ ఫాల్గుణాలకు. లోను బాకీ లేని, పన్ను ఎక్కువ పడే ఇల్లయితే ఏప్రిల్.

అగ్రిమెంటులో ఈ కాలానికి ప్రత్యేకమైనవి

"ధనుర్మాసం వెళ్లాక" అన్నది తేదీ కాదు. నవంబరు 20న మూడు నెలల గడువుతో రాసుకుంటే నడుమ పుష్యం, పండగ పోయి చేతికి మిగిలేది నెలన్నర. రిజిస్ట్రేషన్ ఆఖరి తేదీని ఇంగ్లీషు క్యాలెండరు తేదీగా రాయండి. ఆ రోజు సెలవైనా, తుఫాను వల్ల ఆఫీసు నడవకపోయినా తర్వాతి పనిదినం అని ఒక వాక్యం కలపండి. రిజిస్ట్రేషన్ దాకా ఇంటికి జరిగే నష్టం అమ్మేవాడిదే కాబట్టి ఇంటి బీమా ఉంటే అప్పటిదాకా ఆపకండి.

మార్గశిరంలో తరచూ ఎదురయ్యే చిక్కు తాళాలది. లోను ఇంకా రాలేదు, ధనుర్మాసం వారంలో పట్టబోతోంది. కొనేవాళ్ల పెద్దాయన వచ్చి, "మీ డబ్బెక్కడికీ పోదయ్యా, పధ్నాలుగున మంచి ముహూర్తం ఉంది, తాళాలిస్తే పాలు పొంగించుకుంటాం" అంటాడు. కాదనడం కష్టం. అయినా ఇవ్వకూడదు. స్వాధీనం అప్పగించిన అగ్రిమెంటుకు మన రాష్ట్రంలో క్రయదస్తావేజుకు పడే స్టాంపు డ్యూటీ పడుతుంది. పైగా సామాన్లు దిగాక మిగతా డబ్బు ఆలస్యమైతే, మీరు అమ్మేవాళ్లు కాక ఖాళీ చేయించేవాళ్లవుతారు. రిజిస్ట్రేషన్‌నే ఆ ముహూర్తానికి ముందుకు జరిపే వీలుందా అని వాళ్ల బ్యాంకు మేనేజరునే అడగమనండి.

రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం నిర్ణయించే మార్కెట్ విలువల సవరణ మాట కూడా రాసుకోవాలి. 2025లో కొత్త విలువలు ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి రావడంతో జనవరి ఆఖరు రోజుల్లో రిజిస్ట్రార్ ఆఫీసులు కిటకిటలాడాయి. స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, 60 లక్షలకు నాలుగున్నర లక్షలు. మామూలుగా అది కొనేవాడి ఖర్చే అయినా, విలువ పెరిగితే తేడా ఎవరిదన్నది ముందే రాయకపోతే ఆ రోజు మీ ధరలోంచి కోయమంటాడు.

అడ్వాన్సు 20,000 రూపాయలు, ఆ పైన అయితే నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంతే మొత్తం జరిమానా అమ్మినవాడి మీదే పడుతుంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు 1 శాతం టీడీఎస్ (మీ తరఫున ముందే కోసే పన్ను) మినహాయించి కడతాడు. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే మినహాయింపు చాలా ఎక్కువ, తక్కువ కోతకు ఆదాయపన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవాలి. దానికి వారాలు పడుతుంది, సంక్రాంతికి వచ్చి మొదలుపెడితే అందదు.

మార్చి ఆఖరా, ఏప్రిల్ మొదలా

24 నెలలకు మించి మీ పేరున ఉన్న ఇంటి మీద లాభానికి పన్ను 12.5 శాతం. 2024 జూలై 23కి ముందు కొన్నదైతే, ఇక్కడ నివసించే వ్యక్తులు ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి) 20 శాతం లెక్కనూ వేసి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. లాభం 20 లక్షలనుకుంటే 12.5 శాతం, సెస్సుతో కలిపి 2.6 లక్షలు. మార్చి 15 తర్వాత రిజిస్ట్రేషనైతే ఇది మార్చి 31లోపు ముందస్తు పన్నుగా కట్టాలి. ఏప్రిల్ 5న అయితే జూన్ 15కి 15 శాతం, మిగతాది తర్వాతి వాయిదాల్లో. ఇక్కడే నివసించే, వ్యాపార ఆదాయం లేని 60 దాటిన పెద్దవాళ్లకు ముందస్తు పన్నే లేదు, రిటర్ను వేసేటప్పుడు కడితే చాలు. వాళ్లకు ఏప్రిల్ అమ్మకం ఏడాదికి పైగా వెసులుబాటు.

లాభం మీద పన్ను మినహాయింపు కావాలంటే, అమ్మిన డబ్బుతో ఇంకో ఇల్లు కొంటే రెండేళ్లలోపు, కట్టుకుంటే మూడేళ్లలోపు అయిపోవాలి. ఈ మినహాయింపు వర్తించే బాండ్లలో పెడితే ఆరు నెలల్లోపు, 50 లక్షల వరకే. ఈ గడువులన్నీ రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్క. రిటర్ను గడువు నాటికి కొత్త ఇంటికి ఖర్చుకాని లాభాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచితే మినహాయింపు పోతుంది.